సిగ్నలింగ్‌ని ‘కబురు’ అనొచ్చా?

విజయవాడ నుంచి రాస్తున్నాను. ఫోన్ కంపెనీలకి జావా అనే కంప్యూటర్ భాషలో సర్వీసులు రాయడం మా పని, జైన్ స్లీ అనే ప్రమాణం ప్రకారం నడిచే సర్వర్ మీద. ఆ ప్రమాణం మొదటి రూపం 2004లో, 1.1 రూపం 2008లో వచ్చాయి. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం పాఠం నేనే చెప్తాను, తెలుగులోనే. పోయిన బ్యాచ్‌లో ఒకబ్బాయిని “అవతల్నించి సిగ్నలింగ్ వస్తోందేమో చూడు” అన్నాను. జేబులోంచి ఫోన్ తీసి పైన గీతలు చూశాడు. తప్పు అతనిది కాదు. నేనడిగింది కాల్ నడిపించడానికి ఫోన్ సర్వర్లు ఒకదానికొకటి పంపుకునే సందేశాల గురించి. మన ఇళ్ళల్లో సిగ్నల్ అంటే మేడెక్కితే వచ్చే టవర్ సిగ్నలే.

నోట్సులో ‘సంకేతం’ అని రాసి చూశాను, కుదరలేదు. సంకేతమంటే ఇద్దరూ ముందే అనుకున్న గుర్తు. చూపిస్తే అయిపోయింది, బదులు అక్కర్లేదు. కానీ నేను ఇక్కడ నంబరు నొక్కి, గుంటూరు కొత్తపేటలో మా అక్క హలో అనేలోపు ఎంత నడుస్తుందో చూడండి. ఇంటర్నెట్ దారిలో కాల్ కలిపే సిప్ పద్ధతిలో అయితే ముందు ‘ఇన్వైట్’ వెళ్తుంది: ఫలానా నంబరు మీ దగ్గరున్న ఫలానా నంబరుని పిలుస్తోంది, గొంతు ఈ అడ్రసుకి పంపండి అని. ‘100 ట్రయింగ్’ వస్తుంది, చూస్తున్నాం ఆగండని. అక్క ఫోన్ మోగితే ‘180 రింగింగ్’. ఎత్తితే ‘200 ఓకే’. ఆ మాట చేరిందని మన వైపు నుంచి ‘యాక్’. గొంతు ప్రయాణం వేరు, దాని దారీ వేరే.

అందుకే ‘కబురు’ అందామనుకుంటున్నాను. స్లీలో మనం రాసే ప్రోగ్రాం ముక్కని ఎస్‌బీబీ అంటారు. అది కాచుకుని కూర్చోదు. కబురు రాగానే సర్వరే దాన్ని లేపి చేతిలో పెడుతుంది, పని కాగానే పక్కకి తప్పిస్తుంది. ఇలా వచ్చే కబురుని స్లీలో ‘ఈవెంట్’ అంటారు. దాన్ని ‘సంఘటన’ అని చెప్పిన రోజు ఒక్కరి మొహంలోనూ వెలుగు లేదు. “కబురందితే కదులుతుంది” అన్న రోజు అందరూ తలూపారు. మీరేమంటారు?

సత్యనారాయణపురం, రిటైరైన స్టేషన్ మాస్టరు: అమ్మాయ్, మా దగ్గర ఈ రెండూ ఎప్పుడూ వేరే. స్తంభం మీది సిగ్నల్ డ్రైవరుకి చూపించేది. అంతకంటే ముందు, బండి పంపొచ్చా అని అవతలి స్టేషను మాస్టరుని నేను లైన్ క్లియర్ అడగాలి, ఆయన ఇవ్వాలి. రెండు స్టేషన్లని కలిపే బ్లాకు పెట్టె దగ్గర నేను ఇన్ని గంటలు కొడితే ఆయన అన్నీ తిరిగి కొట్టేవాడు, విన్నానని. బండి ఆ తర్వాతే. నువ్వు చెప్పేది మా సిగ్నల్ కాదమ్మా, మా లైన్ క్లియర్.

బ్రాడీపేట, తెలుగు మాస్టారు: కబురు ‘ఖబర్’ నుంచి వచ్చింది. దాంతో నాకు పేచీ లేదు, ఎప్పుడో మనదైపోయిన మాట. చిక్కు బహువచనంలో ఉంది. కబురు అంటే వార్త, కబుర్లు అంటే కాలక్షేపం. “రెండు సర్వర్ల మధ్య కబుర్లు నడుస్తున్నాయి” అని రాస్తావా తల్లీ? ‘సన్న’ చూడు. సంజ్ఞకి తద్భవం. కనుసన్న, చేసన్న. “ఆయన కనుసన్నల్లో మెలుగుతాడు” అంటాం. మీ ఎస్‌బీబీ మెలిగేదీ అలాగే కదా.

నేను: మాస్టారూ, కనుసన్న ఎంత బాగుందో! కానీ సన్నలో మాట ఉండదు. ఇన్వైట్‌లో ఎవరు, ఎవరికి, ఏ దారిన అన్నీ ఉంటాయి. పైగా ఇప్పటి పిల్లలకి సన్న అంటే బియ్యమే గుర్తొస్తుంది. బహువచనం సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా ఆఫీసు తమ్ముడొకరు: అక్కా, ‘ముందు కబురు’ అంటే? గొంతు కంటే ముందు వెళ్తుంది కాబట్టి.

నేను: ఫోన్ పెట్టేసేటప్పుడు ‘బై’ చివర్లోనే కదా తమ్ముడూ వెళ్ళేది. స్టార్ కొట్టి నంబర్లు, హాష్ నొక్కి బ్యాలెన్స్ చూసుకునే యూఎస్‌ఎస్‌డీలో అసలు గొంతే లేదు. అది పాత ఫోన్ నెట్‌వర్కుల ఎస్‌ఎస్‌7 దారిలో వచ్చినా, కాల్ సిప్‌లో వచ్చినా, మధ్యలో రిసోర్స్ అడాప్టర్ దాన్ని జావాకి అర్థమయ్యే ఈవెంట్‌గా మార్చి ఇస్తుంది. ఎస్‌బీబీ వరకూ వచ్చేసరికి రెండూ కబురే.

గుంటూరు నుంచి ఒక గృహిణి: నాకు కంప్యూటర్లు తెలియవు గానీ మాట తెలుసండీ. మా అత్తయ్య ఎప్పుడూ “మూడు కబుర్లు పెట్టాను” అనదు. “మూడుసార్లు కబురు పెట్టాను, ఉలుకూ లేదు పలుకూ లేదు” అంటుంది. కబురుని లెక్కపెట్టం, పెట్టిన సార్లని లెక్కపెడతాం. ఇక బహువచనం ఎందుకు?

నేను: అమ్మా, మీరు రాసింది చదివి లేచి నిలబడ్డాను. సరిగ్గా ఇదే మా పిల్లలు తడబడేచోటు. చేరిందో లేదో తనంతట చెప్పని యూడీపీ దారి మీద ఇన్వైట్ పంపితే, బదులు రాకపోతే అర సెకనాగి మళ్ళీ పంపుతుంది. తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయి 32 సెకన్లకి ఆశ వదులుకుంటుంది. అప్పటికి పంపింది మొత్తం ఏడుసార్లు. లాగ్‌లో ఏడు ఇన్వైట్లు చూసి ఏడు కాల్స్ వచ్చాయనుకుంటారు పిల్లలు, ఏడు కాల్స్‌కి లెక్క కట్టే కోడు రాస్తారు. కబురు ఒకటే. ఏడుసార్లు పెట్టింది. తెలుగులో అనుకుని ఉంటే ఆ తప్పు దొర్లేదే కాదు.

తెలుగు మాస్టారు: ఒప్పుకున్నాను. కబురే ఉంచు. బదులుకి ‘తిరుగు కబురు’ బాగుంటుంది, తిరుగు టపా లాగా.

నేను: అలాగే మాస్టారూ. 180, 200 రెండూ తిరుగు కబురే అవుతాయి. ఇక యాక్ ఒక్కటి మిగిలింది. దానికి మళ్ళీ బదులుండదు.

స్టేషన్ మాస్టరు: మేం గంట తిరిగి కొట్టేది దేనికమ్మా? ‘అందింది’ అనే కదా.

నేను: నోట్సులో రాసేశాను, బాబాయి గారూ. ‘అందింది’.