"అసమానత ఎక్కువ" అంటే ఏ లెక్కన?

ప్రశ్న: పరిశోధకుల ప్రచురణల మీద వ్యాసం రాస్తున్నాను. రెండు దత్తాంశాలను పోల్చి "మొదటి దాంట్లో ఉత్పాదకతలో వ్యత్యాసం ఎక్కువ" అన్నాను. చూసిపెట్టినవారు "వ్యత్యాసం" కొట్టేసి "అసమానత" అని దిద్దారు. రెండూ ఒకటే కదండీ?

జవాబు: కాదండీ, దిద్దినవారు మంచిపని చేశారు. ఒకచోట ఐదుగురు 1, 1, 1, 1, 6 వ్యాసాలు రాశారనుకోండి. ఇంకోచోట 10, 10, 10, 10, 60. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత దూరంగా చెదిరాయో చెప్పే కొలత) మొదటిచోట 2, రెండోచోట 20. వ్యత్యాసం పదింతలైంది. కానీ ఎవరి వాటా ఎంత అని చూడండి: రెండుచోట్లా ఒక్కరిదే 60 శాతం. గిని గుణకం (అందరికీ సమానంగా ఉంటే 0, అంతా ఒక్కరిదే అయితే 1కి దగ్గరయ్యే కొలత) రెండింటికీ 0.4. అసమానత అంటే ఈ వాటాల సంగతి. మొత్తాలు వేరువేరుగా ఉన్న దత్తాంశాలను పోల్చడానికి పనికొచ్చేది ఇదే.

ప్రశ్న: అయితే గిని విలువ వేసి "అసమానత ఎక్కువ" అనేయొచ్చా?

జవాబు: తొందరపడకండి. ఇప్పుడు 0, 1, 2, 3, 4 తీసుకోండి. దీని గినీ 0.4నే! ఇక్కడ మెట్లు మెట్లుగా పెరిగింది, అక్కడ నలుగురు సమానంగా ఉండి ఒక్కరే ఎక్కడికో వెళ్లిపోయారు. గినికి ఆ తేడా పట్టలేదు. ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి చూస్తే తేలుతుంది: అక్కడ 1, ఇక్కడ సుమారు 0.71. లారెంజ్ వక్రాలు (అందరికంటే తక్కువ రాసినవారి నుంచి మొదలుపెట్టి వాటాలు కూడుకుంటూ గీసే గీతలు) గీస్తే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. రెండింట్లోనూ అడుగు ముగ్గురి వాటా 30 శాతం, సరిగ్గా అక్కడ. వక్రాలు అలా కోసుకున్నప్పుడు ఏ కొలతతో అంటున్నామో చెప్పకుండా "ఎక్కువ" అనడం, నా దృష్టిలో, అసంపూర్ణ వాక్యం.

మరొకరు: ఒక్కటీ రాయనివారిని లెక్కలో వేశారా అన్నది కూడా చెప్పాలండీ. ఆ 1, 1, 1, 1, 6కి ఐదు సున్నాలు చేర్చండి, గిని 0.4 నుంచి 0.7కి లేస్తుంది. ప్రచురణల జాబితాల నుంచి తీసిన దత్తాంశంలో సున్నాలే ఉండవు, పేరెక్కాలంటే ఒక్కటైనా రాసుండాలి. ఎన్నేసి వ్యాసాలు రాసినవారు ఎందరుంటారో 1926లో లోట్కా చెప్పిన సూత్రమూ ఒక వ్యాసం రాసినవారి నుంచే మొదలవుతుంది. ఒక సంస్థ ఉద్యోగుల పట్టిక నుంచి తీసిన దత్తాంశంలో మాత్రం సున్నాలుంటాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

జవాబు: బాగా చెప్పారు. అయితే వాక్యం ఇలా ఉండొచ్చు: "కనీసం ఒక వ్యాసం రాసినవారిని మాత్రమే తీసుకుంటే, గిని గుణకం ప్రకారం మొదటి దత్తాంశంలో ఉత్పాదకతలో అసమానత ఎక్కువ."