అమ్మమ్మ ఉయ్యాల బల్ల: స్లాబుకి వేలాడదీయొచ్చా?

నెల్లూరి మనవరాలు:
అమ్మమ్మ వాళ్ల ఉయ్యాల బల్ల నెల్లూరు నుంచి చెన్నై తిరువాన్మియూరులోని మా ఫ్లాటుకి వస్తోందండీ. టేకు, 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం. నాలుగు ఇత్తడి గొలుసులు. అక్కడ దూలానికి ఉండేది, ఇక్కడ స్లాబు. పైన వేరేవాళ్ల ఇల్లు. బల్ల చివర జానెడు చీలిక ఉంది. ఒక మూల కత్తితో గీసిన అష్టాచెమ్మా గడులున్నాయి, పాలిష్‌లో అవి పోకూడదు. ఏం చేయించాలి?

దూలం:
ముందు బరువు చూడండి. పలకే దాదాపు 30 కిలోలు. ముగ్గురు పెద్దవాళ్లెక్కితే మొత్తం 240 దాకా. గొలుసు 45 డిగ్రీలు లేచేలా ఊగితే, కిందికొచ్చిన క్షణంలో లాగుడు 1.6 రెట్లు, అంటే 380 కిలోలు. ఫ్యాను కొక్కేనికి తగిలిద్దామనే ఎలక్ట్రీషియన్‌ని అక్కడే ఆపండి.

స్లాబుకి కింది నుంచి యాంకర్ బోల్టులు కొట్టడం నేనొప్పుకోను. ఊపు ఊపుకీ పట్టు వదులవుతుంది. పైగా సిమెంటు పూత మందం మేర బోల్టుకి పట్టే ఉండదు. బీముంటే దాన్ని వాడండి. పక్క నుంచి అవతలికి వచ్చేలా రంధ్రం వేసి, కింద కొక్కెమున్న ఇనుప పట్టీని రెండు వైపులా బోల్టుతో బిగించాలి. రంధ్రం బీము ఎత్తులో సగం దగ్గర రావాలి. బీము అడుగున బరువు మోసే ఇనుప కడ్డీలుంటాయి. డ్రిల్లు పెట్టేముందు కడ్డీలెక్కడున్నాయో స్కానరుతో చూపించి, స్ట్రక్చరల్ ఇంజనీరు సరేనన్నాకే మొదలుపెట్టండి.

చిత్రిక:
చీలికలో ఫెవికాల్ పోసి మేకులు కొట్టనివ్వకండి. ఏసీలో బల్ల వెడల్పున కుంచించుకుంటుంది, నవంబరు వానలకి ఉబ్బుతుంది. కదలనివ్వకపోతే పక్కన ఇంకోచోట పగులుతుంది. అడుగున అడ్డంగా టేకు పట్టీ వేయించండి, జిగురు లేకుండా. నడిమి స్క్రూకి గుండ్రటి రంధ్రం, చివరి వాటికి బల్ల వెడల్పు దిశలో కోల రంధ్రాలు. చీలిక గొలుసు బిగించే రంధ్రాన్ని తాకుతుంటే మాత్రం బాగయ్యేదాకా ఎవరూ కూర్చోవద్దు.

గడుల దగ్గరికి శాండరు రానివ్వద్దు. కత్తిగీత ఎంత లోతుంటుంది గనక, రెండు నిమిషాల్లో మాయం. పాత టూత్ బ్రష్షుని టర్పెంటైన్‌లో ముంచి గీత వెంబడే తోమి గుడ్డతో అద్దండి. వార్నిష్ వద్దు, గీతలు పూడిపోతాయి. డబల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె), టర్పెంటైన్ సమంగా కలిపి పలచగా రాసి, పావుగంటకి మిగులు తుడిచేయాలి. రోజు విడిచి రోజు మూడు పూతలు. ఆముదం, కొబ్బరి నూనె ఎండవు, దుమ్ము పడుతుంది. తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, తీగ మీద విడివిడిగా ఆరేయండి.

ఇత్తడి బిందె:
గొలుసులు చింతపండు, ఉప్పుతో తోమినా ఉప్పు మిగలకుండా కడిగి తుడవాలి. తర్వాత లింకులు ఒక్కొక్కటీ తిప్పి, ఒకదాన్నొకటి రాసుకునే చోట చూడండి. అరిగి సన్నబడ్డవీ, అతుకు విచ్చుకున్నవీ మార్పించాలి. సముద్రపు గాలికి మామూలు ఇనుప కొక్కెం తుప్పు పడుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ అడగండి. కిర్రుమంటే కాస్త గ్రీజు చాలు.

నెల్లూరి మనవరాలు:
బీము ఉందండీ, కానీ సరిగ్గా దాని కిందే బాల్కనీ తలుపు.

దూలం:
అయితే స్టాండే. కాళ్లు ముందుకూ వెనక్కూ బాగా చాచి ఉండాలి, ఊగితే లేవకూడదు. ఉయ్యాలని తమిళంలో ఊంజల్ అంటారు, ఇక్కడి ఫాబ్రికేటరుకి ‘ఊంజల్ స్టాండ్’ అనండి, వెంటనే అర్థమవుతుంది.