నీలం గోడ మీద నిమ్మపసుపు: మూడో కోటా, కింద ప్రైమరా?

రంగులడబ్బా: ముదురు నీలం గోడ మీద నిమ్మపసుపు ఎమల్షన్. రెండు కోటింగులు పడినా ఆకుపచ్చ ఛాయ తేలుతోంది. మేస్త్రి ఇంకో రెండు కోటింగులంటున్నాడు, షాపులో ప్రైమర్ కొట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాతబ్రష్: మేస్త్రి మాటే వినండి. ఇప్పటి డబ్బాల్లో సరుకు లేదు. ఒకప్పటి పసుపు ఎనామెల్ రెండు కోటింగులకే గోడను కప్పేసేది. నీళ్లు తగ్గించి చిక్కగా లాగించండి.

బైండర్‌బాబు: ఆ పసుపులో ఉన్నది సీసం క్రోమేట్, అన్నా. దాని కవరింగే వేరు. ఇళ్ల పెయింటుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఇప్పటి నిమ్మపసుపులు ఎక్కువగా ఆర్గానిక్ పిగ్మెంట్లతో (కర్బన రంగు పొడులతో) వస్తాయి: రంగు ఘాటు, కవరింగ్ తక్కువ. పైగా ఘాటు షేడ్లు కలిపే బేస్‌లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి నామమాత్రం. కప్పే పని దానిదే. దాని వక్రీభవన గుణకం (వెలుగును వంచే కొలత) సుమారు 2.7, రంగు పొడిని పట్టి ఉంచే జిగురైన బైండర్‌ది 1.5. ఆ తేడాకే వెలుగు చెదిరి కింది గోడ కనబడకుండా పోతుంది. అది లేని పసుపు ఎన్ని కోటింగులు వేసినా రంగు గాజు మీద గాజు పేర్చడమే.

పాతబ్రష్: నీళ్ల సంగతి వదిలేశారే?

బైండర్‌బాబు: అక్కడ మీ మాట సబబు. వాల్యూమ్ సాలిడ్స్ (ఆరాక మిగిలే సరుకు వాటా) 35 శాతం ఉన్న పెయింటుకు లీటరుకు 400 మి.లీ. నీళ్లు పోస్తే 25 శాతానికి దిగుతుంది. తడిలో 100 మైక్రాన్లు పట్టినా ఆరాక మిగిలేది 25. కాకపోతే మరీ చిక్కగా లాగితే రోలర్ గీతలు పడతాయి.

గోడమీదిపిల్లి: గ్రే ప్రైమర్ కొడితే సరి. ఎరుపుకు అదే వేస్తాం.

బైండర్‌బాబు: ఎరుపుకు భేషుగ్గా పనికొస్తుంది. పసుపు కింద వేస్తే ఆలివ్ మురికి తేలుతుంది. దీనికి తెల్ల ప్రైమరే. అందులో ఎల్లో ఆక్సైడ్ స్టైనర్ (పెయింటులో కలిపే చిక్కటి రంగు) కొద్దిగా కలపండి, అది ఐరన్ ఆక్సైడ్ కాబట్టి బాగా కప్పుతుంది. 180 నంబరు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి నాలుగు గంటలు ఆగండి. పగటి వెలుగులో చూడండి. ఎక్కడైనా నీలం కనిపిస్తే ఇంకో చేయి ప్రైమరే. ఆ తర్వాతే పసుపు రెండు కోటింగులు.

గోడమీదిపిల్లి: ప్రైమర్ బదులు చవక డిస్టెంపర్ వేస్తే? ఆరాక తెల్లగా కప్పేస్తుందిగా.

బైండర్‌బాబు: దాని కవరింగ్‌లో సగం గాలిది. బైండర్ చాలక సుద్ద రేణువుల మధ్య మిగిలే ఖాళీల్లో వెలుగు చెదురుతుంది. ఆరిన డిస్టెంపర్‌ను తడి గుడ్డతో అద్ది చూడండి, కింది రంగు బయటపడుతుంది. పైన ఎమల్షన్ పడగానే దాని బైండర్ ఆ ఖాళీల్లోకి ఇంకి కవరింగ్ పడిపోతుంది. సుద్ద పొర పట్టు లేక తర్వాత పెచ్చులూడుతుంది కూడా.