ఎద్దు మూతికి కట్టే చిక్కం అల్లితే ముడి జారుతోంది, కుట్టు లేకుండా గుండ్రంగా అల్లేదెట్లా?

కళ్యాణదుర్గం నుంచి ప్రశ్న:
అన్నలారా, మాది ఎర్రనేలలో శెనిక్కాయ చేను. కలుపు తీసే గుంటక తోలేటప్పుడు ఎద్దులు సాలు పక్క చెట్టుకు మూతి పెడతాయి. మా తాత చిక్కాలు ఇంట్లోనే అల్లేవాడు. పక్కన కూర్చుని చూసినా గానీ నేర్చుకోలేదు. ఇప్పుడు నైలాన్ దారంతో బల్లపరుపుగా అల్లి రెండు అంచులూ కలిపి కుట్టినా. రెండు రోజులకే ముడులు జారి కన్ను పెద్దదైంది, ఎద్దు నాలుక బయటికి పెట్టి మేస్తాంది. కుట్టు ఒరుసుకుని మూతి మీద వెంట్రుకలు కూడా లేచిపోయినాయి. మనసు చివుక్కుమంది. గొట్టంలాగా అల్లే పద్ధతి చెప్పండి.

కర్నూలు నుంచి జవాబు:
తమ్ముడూ, మాది సుంకేసుల దగ్గర తుంగభద్రలో వల వేసే ఇల్లు. వలకైనా చిక్కానికైనా ముడి ఒకటే. నీది ముడి తప్పు కాదు, బొటనవేలి తప్పు అనిపిస్తాంది.

దారాన్ని, కన్ను కొలతకు పట్టుకునే వెదురు పలక ముందు నుంచి కిందికి దించి, వెనక నుంచి పైకి తెచ్చి, దారం చుట్టిన సూదిని పై వరుస కంట్లోంచి ముందుకు లాగు. కన్ను అడుగు పలక పై అంచుకు ఆనగానే అక్కడే బొటనవేలితో నొక్కు. దారాన్ని ఎడమకు ఉంగరంలా విసిరి, కంటి రెండు పోగుల వెనక నుంచి సూదిని పోనిచ్చి, ఆ ఉంగరంలోంచి తీసి లాగు. ముడి వేలికి పైన, రెండు పోగులనూ కరిచి పడాలి. ముడి బిగుసుకోకముందే వేలు వదిలితే అది కంటి కిందికి దిగుతుంది. చూడ్డానికి ముడిలాగే ఉంటుంది గానీ పోగు మీద అటూ ఇటూ జరుగుతుంది. ప్రతి ముడినీ గోటితో పక్కకు తోసి చూడు. కదిలితే అప్పుడే విప్పేయ్. నైలాన్ నున్నగా ఉంటుంది గనక అదే ఉంగరంలోంచి సూదిని రెండోసారి కూడా తిప్పు. నూలు దారమైతే ఒక చుట్టు చాలు, తడిస్తే ఇంకా బిగుస్తుంది. కాకపోతే తొందరగా చివుకుతుంది.

ఇక గుండ్రం సంగతి. తాడు ముక్కను కడెంలా కట్టి, దాని మీద కళ్లు ఎక్కించు. చివరి కన్ను అయినాక పని వెనక్కి తిప్పొద్దు, తరవాతి ముడి నేరుగా మొదటి కంట్లోనే వేయి. అక్కడ పోగు కాస్త పొడుగ్గా, ఏటవాలుగా పడుతుంది, పడనీ. అక్కడి నుంచి మరచుట్టులాగా దిగుతూనే ఉంటుంది, అతుకు రాదు. పలక మీద నాలుగైదు కళ్లే ఉంచి, వెనకవి జార్చేస్తూ పో. మొదటి కంటికి ఎర్ర దారం కట్టుకుంటే వరుస లెక్క తప్పదు.

కళ్యాణదుర్గం:
ఎన్ని కళ్లు ఎక్కించాలన్నా?

కర్నూలు:
మూతి చుట్టూ తాడు పెట్టి కొలిచి, నాలుగు వేళ్లు వదులు కలుపు. పలక వెడల్పు 2 సెంటీమీటర్లయితే, చదరంగా తెరుచుకున్న కన్ను అడ్డంగా సుమారు 2.8 వస్తుంది. 24 కళ్లకు చుట్టుకొలత 68 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లోతుకు ఒక్కో వరుస 1.4 ఇస్తుంది. 20 సెంటీమీటర్లు కావాలంటే 14 వరుసలు. పలక ఇంకా వెడల్పుదైతే నాలుక దూరుతుంది, వద్దు.

కడప నుంచి ఇంకొకరు:
అడుగు మూయడం కూడా చెప్తా. ఆఖర్న రెండేసి కళ్లను కలిపి ఒకే ముడి వేస్తే 24 కాస్తా 12 అవుతాయి. ఆ 12లోంచీ సన్న తాడు దూర్చి, సంచి మూతిలా లాగి కట్టు. చొంగ, మట్టి పేరుకున్నప్పుడు విప్పి ఉతుక్కోవచ్చు. ఆ కట్టు ముక్కుపుటాల మీదికి రాకుండా గడ్డం కిందికి ఉండేట్టు చూసుకో. నీళ్లు తాపేటప్పుడు చిక్కం తీయడం మర్చిపోవద్దు, నోరులేని జీవాలు.

కళ్యాణదుర్గం:
నూలు దారంతోనే మళ్లీ మొదలుపెట్టినా. ఐదో వరుసలో 23 కళ్లే వచ్చినాయి. ఎర్ర దారం పక్క కన్ను దాటేసినట్టుంది, ఆ వరుస విప్పి మళ్లీ అల్లినా. నిన్న పొద్దున కుడి పక్క ఎలపట ఎద్దుకు కట్టి నాలుగు సాళ్లు తోలినా. చెట్టు ఒక్కటి కూడా తెగలేదు, మూతి మీద ఒరిపిడి లేదు. ఎడమ పక్క దాపట దానికి ఈ రాత్రి అల్లుతా.