ఫిలిప్పీన్స్ బళ్ళు నిజంగా స్ట్రిక్టా, పైపైకేనా?

మకాటి_మురళి:
నాలుగేళ్ళుగా మనీలాలో ఉంటున్నాం. బాబు ఒక ప్రైవేటు క్యాథలిక్ బడిలో ఆరో తరగతి. మొన్న సోమవారం గేటు దగ్గరే ఆపేశారు. కారణం జుట్టు. ఇక్కడ మగపిల్లలకి ‘టూ బై త్రీ’ అని ఒక లెక్క ఉంది. చెవి మీద రెండంగుళాలు, మెడ వెనక మూడంగుళాలు పైకి కత్తిరించేయాలి. మావాడి జుట్టు చెవిని తాకిందట. డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు.

ఈ ముక్క వినుకొండలో మా నాన్నకి చెబితే "ఇన్నాళ్ళకి ఒక బడి దొరికిందిరా" అని మురిసిపోయారు. మా ఆవిడేమో "జుట్టు మీద పెట్టిన శ్రద్ధ లెక్కల మీద పెడితే బాగుండేది" అంటోంది. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదే నా అవస్థ.

ఇక్కడ నేను చూసింది చెబుతాను. రోజూ పొద్దున్నే జెండా, ‘లుపాంగ్ హినీరాంగ్’ అనే వాళ్ళ జాతీయగీతం, ఆ పైన దేశభక్తి ప్రతిజ్ఞ. మెడలో ఐడీ లేకపోతే లోపలికి రానివ్వరు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు పిల్లలు మాటమాటకీ ‘పో’ చేరుస్తారు, మన ‘అండీ’ లాగా. కొట్టడం మాత్రం ఎక్కడా కనబళ్ళేదు. దీన్ని స్ట్రిక్ట్ అనాలా? వచ్చే ఏడు వీణ్ణి ఇక్కడే ఉంచాలా, హైదరాబాదు పంపాలా తేల్చుకోవాలి. ఊరికే తిట్టుకోకుండా చెప్పండి.

తెనాలి_మాస్టారు:
మురళి గారూ, ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. మీ నాన్నగారిదే నా పక్షం. జుట్టు దగ్గర మాట వినేవాడు లెక్క దగ్గరా వింటాడు. వీధిబడిలో కోదండం వేయించేవారని మా నాన్న చెప్పేవాడు. మా కాలానికి గోడకుర్చీ, తొడపాశం మిగిలాయి. నేను టీచరయ్యాక బెత్తం ఉండేది. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పదిహేడో సెక్షన్ ప్రకారం పిల్లవాణ్ణి కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. సరే అని బెత్తం బీరువాలో పెట్టాను. ఆ తర్వాత నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపించే రోజు మళ్ళీ రాలేదు. ఫిలిప్పీన్స్ వాళ్ళు ఆ పట్టు కొంచెం నిలుపుకున్నట్టున్నారు, సంతోషం.

సెబూ_శిరీష:
మాస్టారూ, నమస్కారం. మీరనుకుంటున్న పట్టు కాదండీ ఇది. మా ఆయన ఫిలిపీనో. మా అత్తగారు సెబూ దగ్గర ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి దిగిపోయారు. ఆవిడ చిన్నప్పుడు తప్పు చేస్తే మోంగోస్ గింజలు పోసి వాటి మీద మోకరిల్లమనేవారట. మోంగోస్ అంటే మన పెసలే. చేతులు బారజాపి, అరచేతుల మీద పుస్తకాలు పేర్చేవారట. ఇంగ్లిష్ క్లాసులో సొంత భాష దొర్లితే చిల్లర ఫైను.

చట్టం దృష్టిలో ఇవన్నీ ఎప్పుడో పోయాయి. 1987 నాటి ఫ్యామిలీ కోడ్‌లోనే టీచరు పిల్లల్ని కొట్టడానికి వీల్లేదని 233వ అధికరణం ఉంది. 2012లో విద్యాశాఖ నలభయ్యో నంబరు ఉత్తర్వుతో ప్రభుత్వ, ప్రైవేటు బళ్ళన్నిటికీ పిల్లల రక్షణ విధానం పెట్టింది, ప్రతి బడిలో దానికో కమిటీ ఉండాలి. 2013లో యాంటీ బుల్లీయింగ్ చట్టం. అయితే ఇంట్లో చెప్పుదెబ్బ మాత్రం ఆగలేదు. తల్లిదండ్రులు కూడా కొట్టకూడదని వాళ్ళ పార్లమెంటు (దాన్ని కాంగ్రెస్ అంటారు) ఆమోదించిన బిల్లుని 2019 ఫిబ్రవరిలో అధ్యక్షుడు దుతెర్తె వీటో చేశాడు. అంటే బడిలో నేరం, ఇంట్లో మామూలు. ఈ తేడా పిల్లలకి మనకన్నా బాగా తెలుసు.

అదే ఏడు నవంబరులో జరిగింది చెబుతాను. మనీలాలో ఒక టీచరు చిన్న తరగతి పిల్లవాణ్ణి రిపోర్ట్ కార్డు తిరిగి తేలేదని క్లాసు బయట కూర్చోబెట్టింది. ఇంట్లోవాళ్ళు, జనం ఫిర్యాదులు విని ప్రసారంలోనే తగువు తీర్చే రాఫీ తుల్ఫో కార్యక్రమానికి వెళ్ళారు. అక్కడికి వెళ్తే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినట్టే ఇక్కడ. లైసెన్సు వదులుకుంటావా, కేసు ఎదుర్కొంటావా అని ప్రసారంలోనే ఆవిడ మీద ఒత్తిడి పెట్టారు. జనం టీచరు పక్షాన తిరగబడ్డారు. అయినా తుల్ఫో 2022లో సెనేటర్ అయ్యాడు. మా అత్తగారి స్నేహితురాళ్ళు అప్పటి నుంచి "చేతులు కట్టుకుని పాఠం చెప్పి వచ్చేస్తున్నాం" అనేవారు. యాభై మంది పిల్లలున్న క్లాసు, అదీ పొద్దున ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు.

కాకపోతే ఒక మంచి అలవాటుంది. ‘క్లీనర్స్’ అని రోజుకో జట్టు పిల్లలు క్లాసు ఊడుస్తారు. ఎర్ర మైనం రాసి కొబ్బరి డిప్పని కాలి కింద పెట్టుకుని నేల నున్నగా రుద్దుతారు. మా ఆయన ఇప్పటికీ ఇంట్లో ఆ విద్య ప్రదర్శిస్తాడు, నడుం పట్టేస్తుంది.

కరీంనగర్_కిరణ్:
అన్నా, జుట్టు కత్తిరియ్యమన్నందుకే గింత చర్చనా? నేను ఇంటర్ రెండేండ్లు హైదరాబాద్‌ల ఒక కార్పొరేట్ హాస్టల్ల ఉన్న. పొద్దుగాల అయిదింటికి లేపుడు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. ఇంటికి ఫోన్ చెయ్యాల్నంటే ఆదివారం లైన్ల నిలబడాలె. వీక్లీ టెస్ట్‌ల మార్కులు తగ్గితే అందరి ముంగట పేరు సదివి కింది సెక్షన్‌కు తోలుతుండె. ఒక్కసారి తప్ప నన్నెవ్వలూ కొట్టలె. అయినా గా గంట సప్పుడు ఇప్పటికీ కలల వస్తది. స్ట్రిక్ట్ అంటే గదీ. బాబును ఇక్కడికి తోలుడు గురించి మాత్రం మల్లొక్కసారి ఆలోచించు.

దవావో_డాక్టరమ్మ:
మురళి అన్నా, నాది ఒంగోలు. దవావోలో ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిదే) మూడో ఏడు. కాలేజీ కూడా ఇక్కడ బడి లాగే ఉంటుంది. తెల్ల యూనిఫాం, ఐడీ, అబ్బాయిలకి జుట్టు రూలు. ఏ సబ్జెక్టులోనైనా ఇరవై శాతం క్లాసులకన్నా ఎక్కువ మానేస్తే ఫెయిల్ చేసేయొచ్చు. "కొంచెం చూడండి మేడం" అంటే నవ్వుతూ కాదంటారు. ఆ నవ్వు చూసి మొదట్లో పని అయిపోయిందనుకునేదాన్ని.

వదిన గారు లెక్కల గురించి అన్నారు కాబట్టి ఒక తమాషా. మా మెస్ వంటావిడ కూతురికి లెక్కల్లో 78 వచ్చిందని తల్లి తిడుతుంటే, డిస్టింక్షన్ వస్తే తిడతావేంటి అన్నాను. ఇక్కడ 75 అంటే పాసు. మన 35 అన్నమాట. పైగా 2015 నుంచి ఉన్న పద్ధతిలో అసలు లెక్క 60 వస్తే ఒక పట్టిక చూసి దాన్ని 75 చేసి కార్డులో వేస్తారు. జుట్టుకి అంగుళం కూడా తగ్గరు, మార్కుకి పదిహేను కలుపుతారు!

సింగపూర్_సుబ్బు:
మా అబ్బాయి చదివేది ఇక్కడి ప్రభుత్వ బడి. సింగపూర్లో బెత్తం చట్టబద్ధం. మగపిల్లలకే, అదీ పెద్ద తప్పులకి, ప్రిన్సిపాల్ అనుమతితో. టీచరు కోపమొచ్చి ఎత్తితే కుదరదు. చాలా దేశాల్లో పదిహేనేళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్షలో, 2022లో లెక్కల్లో సింగపూర్‌కి 575, ఫిలిప్పీన్స్‌కి 355. చూసుకోండి.

తెనాలి_మాస్టారు:
అదీ మాట! నేనిందాక చెప్పింది ఇదే.

సెబూ_శిరీష:
ఆగండి మాస్టారూ. జపాన్‌లో 1947 నుంచి బడిలో కొట్టడం నిషేధం. అదే పరీక్షలో వాళ్ళకి 536. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల్లో కొన్నిచోట్ల చెక్కతో కొట్టడం ఇప్పటికీ చట్టబద్ధమే, 1977లో వాళ్ళ సుప్రీంకోర్టే తప్పులేదంది. బెత్తంతో మార్కులొచ్చే పనైతే ఆ రాష్ట్రాలు ఎక్కడుండాలి? ఇక మన సంగతి. 2009 రౌండులో తమిళనాడు, హిమాచల్ ఆ పరీక్ష రాసి అట్టడుగు వరుసలో నిలిచాయి, తర్వాతి రౌండ్లకి మనం కూర్చోనే లేదు.

జుట్టు పిచ్చి జపాన్‌కీ తక్కువేం కాదు. పుట్టుకతోనే గోధుమరంగు జుట్టున్న అమ్మాయిని నల్లరంగు వేసుకోమని వేధించారని 2017లో ఒసాకాలో కేసు పడింది. 2022కి టోక్యో ప్రభుత్వ హైస్కూళ్ళు అలాంటి రూళ్ళు ఎత్తేశాయి.

సింగపూర్_సుబ్బు:
శిరీష గారూ, రెండో వైపు కూడా చూడండి. కొరియాలో 2011లో కొట్టడం ఆపేశారు, విద్యార్థుల హక్కుల నిబంధనలు వచ్చాయి. 2023 జులైలో సియోల్‌లో ఒక చిన్న వయసు టీచరు బడిలోనే ప్రాణం తీసుకుంది. వారం వారం వేలమంది టీచర్లు నల్లబట్టలతో రోడ్డెక్కారు. తల్లిదండ్రుల ఫిర్యాదులకి నలిగిపోతున్నామని వాళ్ళ గోడు. సెప్టెంబరులో చట్టాలు మార్చాల్సి వచ్చింది. మీ తుల్ఫో కథ కూడా ఆ దారిదే కదా.

సెబూ_శిరీష:
కాదనను. బెత్తం తీసేసి ఆ చోటులో ఏం పెట్టారన్నదే నా ప్రశ్న. ఇక్కడ అడిగితే ‘గైడెన్స్ ఆఫీస్’ అంటారు. గైడెన్స్ కౌన్సెలర్ కావాలంటే 2004 చట్టం ప్రకారం మాస్టర్స్ డిగ్రీ, పైన లైసెన్సు ఉండాలి. అంత చదివినవాళ్ళు బడి జీతానికి రారు. ఏళ్ళ తరబడి కుర్చీలు ఖాళీ. చాలా బళ్ళలో మామూలు టీచరే పాఠం చెప్పి ఆ పనీ చూస్తారు. దీన్ని సరిచేయాలని 2024 డిసెంబరులో ఇంకో చట్టం తెచ్చారు.

ఇంకొకటి. ఫిలిపీనో పిల్లలు తొమ్మిదో తరగతిలో వాళ్ళ జాతీయ వీరుడు రిజాల్ రాసిన 1887 నాటి నవల ‘నోలి మే తాంగెరె’ చదువుతారు. అందులో ఒక బడిపంతులు కొరడా పక్కన పెట్టి, ప్రేమగా చెప్పాలని చూస్తాడు. ఊరి ఫాదరీ అవమానిస్తాడు. తల్లిదండ్రులే వచ్చి, కొట్టకపోతే చదువెలా వస్తుందని అడుగుతారు. తెనాలిలో ఆ నవల ఎవరూ చదవకపోయినా డైలాగులు మాత్రం అవే :)

తెనాలి_మాస్టారు:
దెబ్బ బాగానే తగిలిందమ్మా. అయినా ఆ పంతులుకి ఎంతమంది పిల్లలున్నారో చెప్పు, నాకు అరవై ఎనిమిది మంది.

మకాటి_మురళి:
అందరికీ థాంక్స్. మొదట రాయని సంగతి ఒకటుంది. రాయాలా వద్దా అనుకున్నాను.

మావాణ్ణి క్లాసులో ‘బుంబాయ్’ అంటారు. బొంబాయి నుంచి వచ్చిన మాట, ఇక్కడ భారతీయులందరికీ అదే పేరు. అది వాడికి అలవాటైపోయింది. ఈ మధ్య ‘ఫైవ్ సిక్స్’ మొదలుపెట్టారు. అయిదిచ్చి ఆరు వసూలు చేసే వడ్డీవ్యాపారం అని. మోటార్ సైకిల్ మీద తిరిగే పంజాబీ వ్యాపారుల వల్ల ఆ ముద్ర పడింది. లంచ్ బాక్స్ తెరిస్తే ముక్కు మూసుకుంటారు. నెల నుంచి పప్పన్నం వద్దంటున్నాడు, బ్రెడ్ పెట్టమంటున్నాడు. టీచరుకి చెబితే "పిల్లలు కదా సర్, సరదాకి" అన్నారు.

నిన్న రాత్రి బడి నియమాల పుస్తకం తీశాను. జుట్టు, సాక్సు, చెవిపోగులకి రెండు పేజీలు. బుల్లీయింగ్‌కి ఒక పేరా. అదీ చట్టంలోంచి దింపినట్టుంది. వాడి జుట్టు కనబడ్డ మనుషులకి వాడి మొహం కనబళ్ళేదు.

దవావో_డాక్టరమ్మ:
అన్నా, ఇది మీ ఒక్క బడి సంగతి కాదు. 2022 పీసాలోనే పిల్లల్ని అడిగారు. నెలలో కొన్నిసార్లయినా బుల్లీయింగ్‌కి గురవుతున్నామని ఇక్కడ ఆడపిల్లల్లో 43 శాతం, మగపిల్లల్లో 53 శాతం చెప్పారు. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) సగటు 20, 21. ‘పో’ పెద్దవాళ్ళకే చెబుతారన్నా, తోటిపిల్లలకి కాదు. ఫైవ్ సిక్స్ మాట మేమూ పడ్డాం, మాకు వయసుంది కాబట్టి నవ్వేశాం.

కరీంనగర్_కిరణ్:
అన్నా, గిది ముందే చెప్పాలె కదా. నేను హాస్టల్ సంగతులు మా ఇంట్ల ఆరేండ్ల దాకా చెప్పలె. మీ వోడు నోరు తెరిచి చెప్పిండు, గదే పెద్ద సంగతి. హైదరాబాద్‌ల గూడ ఏదో ఒక పేరు పెడ్తరు, ‘ఫారిన్’ అంటరు. బడి మార్సుడు తర్వాత సంగతి.

తెనాలి_మాస్టారు:
మురళీ, ఇప్పుడు వాదన పక్కన పెడతాను. నా క్లాసు నిశ్శబ్దంగా ఉండేదని గొప్పగా రాశాను. ఇంటర్వెల్లో చింతచెట్టు కింద ఎవడు ఎవణ్ణి ఏమనేవాడో నేనెప్పుడూ చూడలేదు. బెల్లు కొట్టగానే స్టాఫ్ రూములో టీ తాగేవాణ్ణి. బెత్తం తీసేయడం వల్ల నష్టం జరగలేదని మాత్రం ఒప్పుకోను, అది వేరే సంగతి.

శిరీషమ్మ చెప్పిన ఆ కమిటీ ప్రతి బడిలో ఉండాల్సిందే అయితే, టీచరుతో కాదు, కమిటీకే రాయి. తేదీలు వెయ్యి. ఏ రోజు ఎవరు ఏమన్నారో పిల్లవాడి చేత చెప్పించి రాయి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ‘ముట్టింది’ అని సంతకం పెట్టించుకో. నోటిమాట గాల్లో పోతుంది.

మకాటి_మురళి:
రాస్తున్నాను మాస్టారూ. గురువారం మధ్యాహ్నం గైడెన్స్ ఆఫీసులో టైమిచ్చారు. ఆ రోజే వీడి క్లీనర్స్ వంతు కూడా, కొబ్బరి డిప్ప తెచ్చుకోమన్నారట.

తెనాలి_మాస్టారు:
మంచిది. వెళ్ళేముందు జుట్టు కత్తిరించు. మాట్లాడాల్సింది వదిలేసి మళ్ళీ దాని మీద పడతారు.