బాక్సింగ్‌లో పాదాల కదలిక బాగుందని దేన్నిబట్టి చెప్పాలి?

ప్రశ్న: ఆరు నెలలుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. రింగులో చురుగ్గానే తిరుగుతున్నాను గానీ, గుద్దు విసరవలసిన క్షణానికి కాళ్లు దగ్గరపడి తూలిపోతున్నాను. మంచి కదలిక అంటే వేగమేనా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు 1: వేగం తర్వాతి సంగతండి. ఏ వైపు జరగాలో ఆ వైపు పాదం ముందుగా కదలాలి. రెండో పాదం అంతే దూరం జరిగి, భుజాల వెడల్పంత ఎడం మళ్లీ ఏర్పడాలి. కాళ్లు దగ్గరపడినా, ఒకదానినొకటి దాటినా, ఆ క్షణంలో చిన్న దెబ్బకే పడిపోతారు. పైగా నేలను తన్ని తెచ్చుకోవలసిన బలం మీ గుద్దుకు అందదు. వెనుక మడమను కాస్త ఎత్తి ఉంచండి. మీరు అవసరానికి మించి పెద్ద అడుగులు వేస్తున్నారని నా అనుమానం.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తూనే, కోణం గురించి, అంటే ప్రత్యర్థికి సూటిగా ఎదురుగా కాక పక్కగా నిలవడం గురించి కూడా చెప్పాలి. 2008, 2012 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన ఉక్రెయిన్ బాక్సర్ వాసిల్ లొమచెంకోకు తండ్రి చిన్నతనంలో బాక్సింగ్ ఆపించి సంప్రదాయ నృత్యం నేర్పించారు. లొమచెంకో తన ప్రత్యర్థి ముందుపాదానికి బయటివైపు అడుగువేసి, అవతలివారు తిరిగి గురిపెట్టుకునేలోపే పక్కనుంచి కొట్టే తీరు ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

జవాబు 3: నేలపై సుద్దతో గీత గీసి, దానికి చెరోవైపు పాదాలుంచి రోజూ మూడు నిమిషాలు నెమ్మదిగా ముందుకూ వెనక్కూ జరగండి. ప్రతి అడుగు తర్వాత ఆగి, పాదాల ఎడం చూసుకోండి.