ప్రకృతి చికిత్సాలయంలో చేరే ముందు వైద్యుడి గురించి ఏమేమి విచారించాలి?

ప్రశ్న – రేపల్లె వాసి

పెద్దలకు నమస్కారం. మా అమ్మగారి వయసు 62. చాలా ఏళ్లుగా మధుమేహానికి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. టీవీలో ప్రకృతి వైద్యం కార్యక్రమాలు చూసి, ఏదైనా ఆశ్రమంలో పది రోజులు ఉండి వస్తానని పట్టుబడుతున్నారు. ఒకచోటికి ఫోను చేసి అక్కడి వైద్యుడి చదువేమిటని అడిగితే, ఆయనకు ఎంతో అనుభవం ఉందన్నారే గాని చదువు పేరు మాత్రం చెప్పలేదు. అసలు ఈ వైద్యులు ఏం చదువుతారు, అక్కడ ఏం చేస్తారు, మాత్రల సంగతి ఎవరు చూస్తారు? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు – బల్కంపేట పూర్వ విద్యార్థిని

నేను ఈ వైద్యమే చదువుకున్నానండీ, కాబట్టి చదువు సంగతితోనే మొదలుపెడతాను. మన దేశంలో ప్రకృతి వైద్యానికి పూర్తిస్థాయి పట్టా బి.ఎన్.వై.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ నాచురోపతి అండ్ యోగిక్ సైన్సెస్). ఇంటర్ బైపీసీ తరువాత నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. శరీర నిర్మాణం, శరీర ధర్మం, రోగ నిదానం వంటివి చదివిన తరువాతే జల చికిత్స, ఉపవాస చికిత్స, యోగ చికిత్సల వంతు వస్తుంది. కర్ణాటకలోని ఉజిరె కళాశాలలో ఈ కోర్సు 1989లో మొదలైంది. హైదరాబాదు బల్కంపేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయానికి అనుబంధంగా గాంధీ పేరు మీద కళాశాల ఉంది.

ఇంత చదివినవారితో పాటు కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవారు, దూరవిద్యలో డిప్లొమా తెచ్చుకున్నవారు, ఏ చదువూ లేకుండా గురువు దగ్గర పని నేర్చుకున్నవారు కూడా బోర్డు మీద 'ప్రకృతి వైద్యులు' అనే రాయించుకుంటారు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీలకు 2020 నాటి చట్టంతో జాతీయ కమిషన్ ఏర్పడింది గాని, ప్రకృతి వైద్యం దాని పరిధిలోకి రాలేదు. రిజిస్ట్రేషన్ రాష్ట్రాల చేతిలో ఉంది. కర్ణాటకకైతే 1961 నాటి చట్టమే ఉంది. అందువల్ల పట్టా పేరు, విశ్వవిద్యాలయం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నిజంగా చదివినవారెవరూ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇక అక్కడ జరిగేది. పొద్దున్నే పొట్ట మీద, కళ్ల మీద మట్టి పట్టీ వేస్తారు. ఆ మట్టిని నేల పైపొర నుంచి కాకుండా మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తీసి, ఎండబెట్టి, జల్లించి, నానబెట్టి వాడతారు. తొట్టి స్నానమంటే ఒళ్లంతా తడపడం కాదు: బొడ్డు దాకా చన్నీళ్లుండే తొట్టిలో కాళ్లు బయటికి పెట్టి కూర్చుని, తడిగుడ్డతో పొత్తికడుపును మెల్లగా రుద్దుకోవాలి. పావుగంట, ఇరవై నిమిషాలకు లేపేస్తారు. వీటికి తోడు అవసరాన్ని బట్టి ఎనిమా, ఆవిరి స్నానం, మర్దన, యోగాసనాలు, ఉప్పూ నూనే లేని భోజనం, కొందరికి రసాల మీద ఉపవాసం ఉంటాయి.

ఈ తొట్టి స్నానం జర్మనీలోని లైప్‌జిగ్‌కు చెందిన లూయీ కూనే పద్ధతి. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు 1894లోనే తెలుగు చేశారు; హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో గాని రాలేదు. గాంధీజీ పుణె దగ్గరి ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమం పెట్టింది 1946లో. జబ్బులన్నిటికీ మూలం ఒంట్లో చేరిన మలిన పదార్థమేనన్న కూనే సిద్ధాంతాన్ని ఈనాటి శరీర శాస్త్రం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. అయినా మితాహారం, నడక, నిద్ర, బరువు తగ్గడం వల్ల కలిగే మేలుకు ఆ సిద్ధాంతం అండ అక్కర్లేదు.

జవాబు – జిల్లా ఆసుపత్రి ఫిజీషియన్

పై జవాబు బాగుంది, అయితే మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రల సంగతి. ఆహారం సగానికి తగ్గిన రోజు కూడా గ్లిమిపిరైడ్ రక్తంలో చక్కెరను తగ్గిస్తూనే ఉంటుంది. ఉపవాసం రెండో రోజో మూడో రోజో చక్కెర మరీ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే, దానిని 'మలినాలు బయటికి పోతున్నాయి' అని సరిపెట్టుకునే చోట మీ అమ్మగారు ఉండకూడదు. వెంటనే చక్కెర పరీక్ష చేసి గ్లూకోజు ఇవ్వగలిగే మనిషి రాత్రిపూట కూడా ఉండాలి. చేరేముందే మీ డాక్టరు దగ్గర కూర్చుని, ఏ మాత్ర ఎంత తగ్గించాలో రాయించుకోండి. మధుమేహానికే ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్ జాతి మందులు వాడేవారికి ఉపవాసంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. మొదటి రకం (టైప్ 1) మధుమేహం ఉన్నవారు ఎవరు చెప్పినా ఇన్సులిన్ మానకూడదు.

మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొబ్బరినీళ్లు, పళ్లరసాలు పొటాషియాన్ని పెంచుతాయి. పాదాల్లో తిమ్మిరి ఉంటే వేడినీళ్ల పాదస్నానం వద్దని ముందే చెప్పండి, కాలినా తెలియదు.

జవాబు – సియాటిల్ తెలుగు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే పెద్దల కోసం ఒక మాట. ఇక్కడ నాచురోపతిక్ డాక్టరంటే డిగ్రీ తరువాత సుమారు నాలుగేళ్లు ప్రత్యేక కళాశాలలో చదివినవారు. మా వాషింగ్టన్ రాష్ట్రంలోని బాస్టిర్ విశ్వవిద్యాలయం 1978 నుంచి ఉంది. లైసెన్సు కొన్ని రాష్ట్రాల్లోనే ఇస్తారు. మన దగ్గర ఇది మందుల్లేని వైద్యంగా పేరుపడింది గాని, ఇక్కడివారు మూలికలు, విటమిన్ మాత్రలు, కొందరు హోమియోపతి కూడా ఇస్తారు. మూలికలకు, బీపీ, రక్తం పలచబడే మందులకు పొత్తు కుదరకపోవచ్చు గనుక, వాడే మందుల జాబితా చూపకుండా ఏదీ తీసుకోవద్దు.

మళ్లీ – రేపల్లె వాసి

అందరికీ ధన్యవాదాలు. మొదటి చోటును వదిలేశాను. ఇంకో సందేహం: పది రోజుల్లో చక్కెర బాగా తగ్గితే మాత్రలు మానేయవచ్చునని అమ్మగారి ఆశ. అది సాధ్యమేనా?

జవాబు – బల్కంపేట పూర్వ విద్యార్థిని

చికిత్సాలయంలో పెట్టే తిండికి చక్కెర తగ్గడంలో వింత లేదండీ; ఇంటికి వచ్చి యథాప్రకారం అన్నం తింటే మళ్లీ పెరుగుతుంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష సుమారు మూడు నెలల చక్కెర సగటు చెబుతుంది. చేరేముందు ఒకసారి, తిరిగి వచ్చిన మూడు నెలలకు ఒకసారి చేయించి, ఆ రెండు కాగితాలూ మీ డాక్టరు ముందు పెట్టండి. బరువు తగ్గి, ఆ అంకె దిగి, అలాగే నిలిస్తే మాత్రలు తగ్గించేవాళ్లున్నారు, కొందరికి మానిపించడమూ ఉంది. ఆ నిర్ణయం ఆ రోజున తీసుకోవలసింది. పదో రోజు ఆశ్రమం గేటు దగ్గర కాదు.